చీరల కంచెలో నెమలి

మా చేను చుట్టూ చీరలు కట్టాలన్నది నా ఆలోచన. కుప్పంలో ఇంజనీరింగు చదివేటప్పుడు చూసిన పద్ధతి అది. హాస్టల్లో నా గదిలో ఉండే స్నేహితుడిది శాంతిపురం పక్క పల్లె. ఒక సెలవు రోజు వాళ్ల ఊరికి పోతే, చిక్కుడు తోట చుట్టూ పాత చీరలు వరసగా కట్టి ఉన్నాయి. గాలికి అవి ఊగుతుంటే అడవి పందులు దగ్గరికి రావని స్నేహితుడి తండ్రి చెప్పాడు. నేను అక్కడే కొలతలు తీసుకున్నాను. కట్టెకూ కట్టెకూ మధ్య ఎనిమిది అడుగులు. చీర కింది అంచు నేలకు జానెడు ఎత్తున. ఒక్కో చీరకు మూడు కట్టెలు.

మాది పుంగనూరు నుంచి పెద్దపంజాణి పోయే దారిలో ఒక పల్లె. బోరు కింద ఎకరం టమోటా. నేను ఇంటి నుంచే బెంగళూరు కంపెనీకి పనిచేస్తూ, మిగిలిన సమయంలో మా నాయన సేద్యంలో తలదూరుస్తుంటాను. పందులు, నెమళ్లు కలిసి కాయను వదలడం లేదని ఆయన విసుక్కుంటుంటే చీరల సంగతి చెప్పాను. లెక్క వేస్తే యాభై రెండు చీరలు కావాల్సి వచ్చింది. మా అమ్మ వీధిలో ఇంటింటికీ తిరిగి నాలుగు రోజుల్లో అరవై తెచ్చింది. ఎదురింటి పెద్దమ్మ ఆ వారమంతా చేను పక్కన పోయినప్పుడల్లా ఆగి, తన చీర ఏ మూల కట్టామో వెతుక్కునేది. నా పెండ్లిసీరను పందులకు సూపిస్తాండారు కదప్పా అని నన్ను ఆడిపోసుకునేది.

శాంతిపురం పద్ధతిని నేను కొంచెం మెరుగుపరిచాను. జానెడు సందు ఉంటే పందిపిల్లలు దూరతాయని, చీర అంచును నేలకు తగిలించి పైన మట్టి వేయించాను. చేను నాలుగు వైపులా గోడ కట్టినట్టయింది. పందులు నిజంగానే ఆగిపోయాయి. కుక్కలు కూడా లోపలికి రావడం మానేశాయి. నెమళ్లు మాత్రం వేపచెట్టు మీద నుంచి నేరుగా చేనులోకి దిగుతూనే ఉన్నాయి.

"అది ఎగుర్తాదని మీ కాలేజీలో సెప్పలేదా?" అన్నాడు నాయన.

ఆ పంట కాయ మీదున్నప్పుడు మదనపల్లె మార్కెట్టులో టమోటా రేటు పడిపోయింది. కోత కూలి కూడా రాదని నాయన కోయడం ఆపేశాడు. టమోటా తీగలు వాటికి ఊతంగా పాతిన కట్టెల మీదే ఎండాయి. వాటి కింద కసువు మోకాళ్ల ఎత్తు పెరిగింది. నెలన్నర ఎవరూ చేనులోకి పోలేదు, మా అమ్మ తప్ప. ఆమె ఆవు కోసం రోజూ పొద్దున ఒక మోపు, సాయంత్రం ఒక మోపు కసువు కోసుకొచ్చేది.

కొత్త పంటకు మదనపల్లె నర్సరీలో నారు చెప్పి వచ్చాం. మా వైపు భూమి సిద్ధమయ్యాక నారు చెప్పరు. ముందు నారు చెప్పేస్తారు, ఆ నారు వచ్చే తేదీయే తరుముతూ దున్నకం, డ్రిప్పు, మట్టి బెడ్ల మీద నల్ల ప్లాస్టిక్ కవరు పరచడం అన్నీ చేయిస్తుంది. పోయిన పంట మొత్తం చేతికి రాలేదు కాబట్టి ఈ పంట మీదే నాయన ఆ సంవత్సరాన్ని నిలబెట్టుకున్నాడు. ఆరుద్ర కార్తెలో నాటితే తప్ప తర్వాతి వానలకు పూత నిలవదని ఆయన నమ్మకం. నారు రావడానికి ఇంకా పది రోజులుందనగా, ఒక శనివారం పొద్దున కట్టెలు పీకడానికి ఇద్దరం చేనులోకి పోయాం.

తూర్పు నుంచి ఆరో సాలులో నాయన చేయి వేసిన కట్టె పక్క నుంచి పెట్ట నెమలి ఒకటి పెద్ద చప్పుడుతో లేచింది. ఆయన వెనక్కు పడబోయి కట్టెను పట్టుకొని నిలబడ్డాడు. ఎండు తీగల కింద, కసువును తొక్కి చేసిన పళ్లెమంత గుంటలో ఐదు గుడ్లు ఉన్నాయి. కోడిగుడ్డుకు ఒకటిన్నర రెట్లుంటాయి, మజ్జిగ రంగు. నాయన కట్టె వదిలేసి గట్టు మీదకు వచ్చి కూర్చున్నాడు.

పక్క చేను రైతు, వరసకు నాకు మామ, గట్టు మీదకు వచ్చి విషయం తెలుసుకున్నాడు. ఆయనకు ఇదేమీ సమస్యగా అనిపించలేదు. వాళ్లింట్లో నాటుకోడి పొదుగు మీదుంది, ఐదు గుడ్లూ దాని కింద పెట్టేస్తే అదే పొదుగుతుంది, సోమవారానికి మనం దున్నుకోవచ్చు అన్నాడు. వాళ్ల తాత కాలంలో అట్లా చేసేవాళ్లట. నెమలి గుడ్డును తాకినా కేసవుతుందని నేను చెప్పాను.

"ఎవురికి తెలుస్తాదప్పా," అన్నాడు మామ.

"ఆడికృత్తికకు కావడెత్తుకోని కొండెక్కల్ల నేను," అన్నాడు నాయన. "యా మొగం పెట్టుకోని ఎక్కేది?"

నేను ఆశ్చర్యపోయాను. పండిన టమోటాలను పొడిచినప్పుడల్లా ఆ పక్షులను నోటికొచ్చినట్టు తిట్టే మనిషి ఆయన. ఏటా కావడికి నెమలి ఈకలు కట్టుకొని సుబ్రహ్మణ్యస్వామి గుడికి నడిచి పోయేదీ ఆయనే. ఈ రెండూ ఒకే మనిషిలో ఎట్లా సర్దుకున్నాయో అంతవరకు నేను ఆలోచించలేదు.

అటవీ శాఖ బీటు ఆఫీసరుకు ఫోన్ చేశాను. ఆయన మర్యాదగానే మాట్లాడాడు. గుడ్లు జరపకూడదు, గూడు కదిలించకూడదు, పెట్టను తరమకూడదు. పిల్లలు లేచాక తల్లే వాటిని తీసుకొని పోతుంది, అంతవరకు ఓర్చుకోండి అన్నాడు. ఎన్నాళ్లని అడిగితే, పొదగడం మొదలుపెట్టినప్పటి నుంచి ఇరవై ఎనిమిది రోజులు అన్నాడు. ఎప్పుడు మొదలుపెట్టిందో ఎట్లా తెలుస్తుందని అడిగితే, అది మీకే తెలియాలి అన్నాడు.

అది నాకు పట్టుకుంది. ఐదు గుడ్లున్నాయి, మీద పెట్ట ఉంది. అది నిన్న కూర్చొని ఉండవచ్చు, ఇరవై రోజుల క్రితం కూర్చొని ఉండవచ్చు. నిన్నయితే మా పంట పోయినట్టే. ఇరవై రోజులయితే అసలు సమస్యే లేదు. గుడ్డును చూసి వయసు చెప్పే మార్గం ఏదైనా ఉందా అని మధ్యాహ్నం వరకు చదువుతూ కూర్చున్నాను. ఉంది, కానీ దానికి గుడ్డును చేతిలోకి తీసుకొని వెలుతురుకు పెట్టి చూడాలి. అన్నం పెడుతూ అమ్మ అడిగింది, దేని గురించి అంతగా చూస్తున్నానని. చెప్పాను.

"గంగమ్మకు పొంగళ్లు పెట్టిన మంగళవారం రెండే ఉండె," అంది అమ్మ.

"నీకు ముందే తెలుసునా?"

"కసువుకు పోయేదాన్ని నాకు తెలీదా?"

"మరి సెప్పలేదే."

"మీరు అడగలేదే."

అన్నం పక్కన పెట్టి నోటుబుక్కు తీశాను. నెమలి రోజు విడిచి రోజు గుడ్డు పెడుతుంది. పోయిన వారం మంగళవారానికి రెండంటే, మూడోది గురువారమో బుధవారమో, ఐదోది ఆ తర్వాతి సోమవారానికి అటూ ఇటూ. చివరి గుడ్డు పెట్టాకే పొదగడం మొదలవుతుంది. అమ్మ కూడా ఆ సోమవారం నుంచే అది లేవకుండా కూర్చుందని చెప్పింది. అంటే మేము చూసిన శనివారానికి ఆరో రోజు. పిల్లలు లేచేది ఇంకా ఇరవై మూడు, ఇరవై నాలుగు రోజుల తర్వాత, ఒక సోమవారం. నారు వచ్చేదేమో పదో రోజు.

మరుసటి రోజే నాయనా నేనూ బండి మీద మదనపల్లె పోయాం. నర్సరీ యజమాని మా మాట విని, నీళ్లు తగ్గించి, నీడవల కింద నుంచి ట్రేలు బయటపెట్టి నారును ఒక వారం ఆపగలనన్నాడు. అంతకు మించితే కాడ ముదిరి, నాటినా కొమ్మ వేయదు. దేనికి ఆలస్యమని అడిగాడు. నాయన బోరు మోటరు పాడైందని చెప్పాడు. ఎందుకు అబద్ధం చెప్పావని దారిలో అడిగితే, నెమలి కోసం నాటు ఆపినానని చెబితే ఈ మార్కెట్టులో తల ఎత్తుకోని తిరగలేనన్నాడు.

వారం కలిసొచ్చింది. ఇంకా ఏడు రోజులు తక్కువ. మిగిలిన దారి ఒకటే. గూటి చుట్టూ కొంత వదిలి తక్కినది దున్నడం. ఎంత వదలాలి అన్నది ప్రశ్న.

దీనికి నేను నా పద్ధతిలో పోయాను. గట్టు మీద నుంచి మెల్లగా నడిచి పోయి, పెట్ట ఎన్ని అంగల దూరంలో తల ఎత్తుతుందో, ఎన్ని అంగలకు లేవడానికి సిద్ధమవుతుందో చూసి, వెంటనే వెనక్కు వచ్చేవాణ్ని. రెండు రోజుల్లో నాలుగు సార్లు చేశాను. పొద్దున, సాయంత్రం, తెల్ల చొక్కాతో, మట్టి రంగు చొక్కాతో. ఎట్లా పోయినా పద్దెనిమిది అంగల దగ్గర మెడ చాచేది. ఆ లెక్కన గుండ్రంగా వదిలితే దాదాపు పదిహేను సెంట్లు పోతుంది.

"పదైదు సెంట్లు దానికి రాసిచ్చేదా?" అన్నాడు నాయన. "రిజిస్ట్రారాఫీసుకు దాన్ని ఎత్తుకోని రా పో."

నాకు వింతగా అనిపించింది ఇంకొకటి. అదే సాయంత్రం అమ్మ కొడవలి పట్టుకొని ఆ సాలులోకే పోయింది. ఐదు అంగల దూరంలో కూర్చొని కసువు కోసింది. పెట్ట కదల్లేదు. రెప్ప కూడా వేయనట్టే ఉంది. అమ్మ మోపు కట్టి తలకెత్తుకొని వచ్చేసింది. రంగు వల్లనా అనుకున్నాను, ఆ రోజు ఆమె చీర ఎర్రది, మరునాడు పసుపుది. వేళ వల్లనా అనుకుంటే, నేను పోయినవీ ఆమె పోయే వేళలే. నాకు పద్దెనిమిది, ఆమెకు ఐదు. చివరికి అమ్మనే అడిగాను.

"నువ్వు దాన్ని సూస్తాండావు," అంది. "నేను కసువును సూస్తాండాను."

అంతే కాదు, ఇంక దాని జోలికి పోవద్దని కూడా చెప్పింది. నా నాలుగు పరీక్షలు దానికి పరీక్షలు కావు, నాలుగు సార్లు దొంగ వచ్చి పోయినట్టని ఆమె లెక్క. నేను ఆ పేజీ కింద గీత గీసి ఆపేశాను. కానీ కొలత దొరికింది. అమ్మలాగా పనిచేసే మనుషులు ఉంటే ఐదు అంగలు చాలు. ఒక సెంటు, పైన కొంచెం.

దున్నకానికి నేనే ప్రణాళిక రాశాను. మొదటి రోజు పడమటి చివర. ప్రతి రోజూ ట్రాక్టరు కొంత కొంత తూర్పుకు. చప్పుడుకు అది అలవాటు పడేందుకు నాలుగు రోజులు. చివరి పది అంగలు ట్రాక్టరు లేకుండా గుద్దలితో. ఏ రోజు ఎన్ని సాళ్లు, ఏ వేళకు మొదలు, ట్రాక్టరు ఎక్కడ తిరగాలి, అన్నీ బొమ్మ గీసి నాయనకు ఇచ్చాను. ట్రాక్టరు ఆయన నవ్వాడు గాని, అట్లాగే చేశాడు. మొదటి రోజు పెట్ట తల ఎత్తి చూసింది. రెండో రోజు చూడలేదు. నాకు చాలా సంతోషమైంది.

మూడో రోజు మధ్యాహ్నం నేను కంపెనీ మీటింగులో ఉండగా అమ్మ కేకలు వినపడ్డాయి. పరుగెత్తి పోయేసరికి ఊరి కుక్కలు రెండు ఆరో సాలు నుంచి బయటికి వస్తున్నాయి. అమ్మ మట్టిగడ్డలతో వాటిని తరుముతోంది. పెట్ట వేపచెట్టు మీద కూర్చొని గొంతు పగిలేలా అరుస్తోంది. కూలీలు అన్నాలకు పోయిన గంట అది.

చుట్టూ చూస్తే చీరలు లేవు. యాభై రెండూ చుట్టలు చుట్టి గట్టు మీద పేర్చి ఉన్నాయి. ట్రాక్టరు వెనక మట్టిని గుల్లచేసే రోటవేటరు తిరిగేటప్పుడు చీర కొంగు ఒకటి బ్లేడ్లకు చుట్టుకుంటే గంట పని. అందుకని దున్నే ముందు కంచె చీరలు విప్పి చుట్టి పెట్టడం కూలికి వచ్చే ఆడవాళ్లకు ఎవరూ చెప్పాల్సిన పని కాదు. మా చేనులోనూ ఆ పొద్దున వాళ్లు వాళ్ల పని చేశారు. నా ప్రణాళికలో ట్రాక్టరు దిశ ఉంది, దూరం ఉంది, వేళ ఉంది. చీరల మాట ఒక్క చోట కూడా లేదు. పందులకు కట్టిన కంచె ఇన్నాళ్లూ ఆ పెట్టను కాస్తోందని నాకు అప్పుడు అర్థమైంది. అది వేరే చేన్లన్నీ వదిలి మా చేనులోకే ఎందుకు దిగిందో కూడా. నేలకు తగిలించిన ఆ అంచు లోపల కుక్క లేని ఎకరం నేల, ఈ చుట్టుపక్కల మాదొక్కటే.

ఒక గుడ్డు పగిలి ఉంది. నాలుగు మిగిలాయి. నేను ఒంగి చూడబోతే అమ్మ చొక్కా పట్టుకొని వెనక్కు లాగింది. నాయన చుట్టల్లోంచి ఐదు చీరలు తీసి, ఐదు అంగల దూరంలో చుట్టూ కట్టెలు పాతి కట్టాడు. అంచుల మీద మట్టి తొక్కాడు. ట్రాక్టరును పంపేశాడు.

"ఇంగ అందరూ ఇంటికి పదండి," అంది అమ్మ.

నేను గట్టు మీదన్నా కూర్చుంటానన్నాను. అది తిరిగి వస్తుందో రాదో చూడకపోతే ఎట్లా తెలుస్తుంది. గుడ్లు ఎంతసేపు చల్లబడితే చెడతాయో కూడా రాసుకోవాలి కదా.

"నువ్వు ఆడుంటే అది రాదు," అంది. "తెలుసుకోవాల్నా, అది రావాల్నా?"

ఇంటికి వచ్చేశాను. ఆ సాయంత్రం నా జీవితంలో పొడవైనవాటిలో ఒకటి. చేను ఇంటికి కనపడేంత దూరంలోనే ఉంది, వేపచెట్టు కొమ్మలు కనపడుతున్నాయి, పెట్ట కనపడదు. నాయన పెరట్లో డ్రిప్పు పైపుల రంధ్రాలు సూదితో శుభ్రం చేస్తూ కూర్చున్నాడు. అది రాకపోతే మరునాడే మొత్తం దున్నేసుకోవచ్చు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. మరునాడు పొద్దున అమ్మ మోపుతో వచ్చి దించుకుంటూ, కూర్చోనుండాది అంది. నాయన లేచి ట్రాక్టరు ఆయనకు ఫోన్ చేసి, ఆ మూల వదిలి తక్కినది ముగించమన్నాడు.

వారం ఆపిన నారు వచ్చిన రోజు నాట్లకు ఎనిమిది మంది ఆడవాళ్లు వచ్చారు. అమ్మ వాళ్లకు ఒకటే షరతు పెట్టింది. చీరల పక్క బెడ్లలో నాటేటప్పుడు తల ఎత్తకూడదు, లోపలికి తొంగి చూడకూడదు. పెద్దమ్మ కూడా నాట్లకు వచ్చింది. లోపల ఎవురన్నా కొత్త పెండ్లికూతురుండాదా, ఇంత గుట్టు అని ఆమె అంటే, వంగిన వీపులన్నీ నవ్వుతో కదిలాయి. ఎవరూ తొంగి చూడలేదు. పొద్దు వాలేసరికి చేను నిండింది, ఆ సెంటు తప్ప.

నా లెక్క ప్రకారం పిల్లలు సోమవారం లేవాలి. మంగళవారం లేచాయి. ఆ మధ్యాహ్నం నుంచే చీరల లోపల సన్నటి కూతలు వినపడుతున్నాయని అమ్మ చెప్పింది. బుధవారం పొద్దున ఆమె పడమటి వైపు చీర ఒకటి విప్పి దారి వదిలింది. అరగంటకు పెట్ట బయటికి వచ్చింది, వెనక మూడు పిల్లలు, ఎండు కసువు రంగులో. నేను మా మిద్దె మీద నుంచి చూశాను. నల్ల కవరు మీద కాలు పెట్టడానికి పిల్లలు జంకాయి. అది ఎండకు కాలుతుందేమో, జారుతుందేమో, ఇప్పటికీ నాకు తెలియదు. కొంతసేపు అంచున తారాడి, బెడ్ల మధ్య కాలువలోకి దిగి, తల్లి వెంట పోయాయి.

గూటిలో నాలుగో గుడ్డు పగలకుండా మిగిలింది. మళ్లీ బీటు ఆఫీసరుకు ఫోన్ చేశాను. చెడిన గుడ్డయినా తీయకూడదు, అక్కడే వదిలేయండి అన్నాడు. ఆ మూల బెడ్డు వేసేటప్పుడు నాయన దాని చుట్టూ మట్టి తోశాడు గాని, దాన్ని తాకలేదు. లోపల పిల్ల ఉందో, ఉట్టి నీళ్లో అని నన్ను అడిగాడు. తెలియదన్నాను. రెండు రోజులకు అది లేదు. ముంగిస తీసుకొని పోయిందో, కాకో, అది ఉన్న చోట పెంకు ముక్క కూడా లేదు.

నెమలి పిల్లలు పురుగులే తింటాయని నేను చదివాను. మా చేనులో లేత టమోటా చిగుళ్లు కూడా తిన్నాయి. మొదటి వారంలో నలభై మూడు మొక్కలు, ఎక్కువ భాగం తూర్పు బెడ్లలో. ఎన్ని పోయాయో నేను ఎంచి చెబితే, నాయన మిగిలిన ట్రేలోని నారు తీసుకొని సందుల్లో నాటడానికి పోయాడు. నేను నీళ్ల చెంబు పట్టుకొని వెంట పోయాను. ఇప్పుడు ఆ చేనంతా పూత మీదుంది. ఆలస్యమైన మూల మాత్రం మోకాలికి రాలేదు.

సందుల్లో నారు నాటిన ఆ పొద్దున ఆయన నాలుగో సందులో వేలితో గుంట చేసి, నారు పిలక చేతిలోకి తీసుకున్నాడు. అప్పుడే పెట్ట పక్క కాలువలోంచి మా ముందుకు వచ్చింది, పిల్లలతో. నాయన తల ఎత్తలేదు. గుంట మీదకు వంగి అట్లాగే ఉండిపోయాడు. పిల్లలు ఒక్కొక్కటి ఆగి, ఏరుకొని, మళ్లీ పరుగెత్తి తల్లిని కలుసుకుంటున్నాయి. ఎండకు పిలక వేర్లు ఆరిపోతాయని నేను చెంబు ముందుకు జరపబోయాను.

"కదలద్దు," అన్నాడు మెల్లగా. "పోనీ."

వేర్ల చుట్టూ పిడికిలి మూసి, నీడ చేసి, ఆయన వంగే ఉన్నాడు.